ట్రాఫిక్ కేసులో వారంటు పడితే ఏం చేయాలి? హైదరాబాద్ వాహనదారులకు ఒక మార్గదర్శిని

హైదరాబాద్‌లో బండి నడిపేవారికి ఫోన్‌లో చలాను మెసేజ్ రావడం మామూలు విషయం. హెల్మెట్ లేదనో, సిగ్నల్ పడ్డాక దాటారనో, రాంగ్ రూట్‌లో వచ్చారనో పడిన చలాన్లను వెంటనే కట్టేవారు కొందరైతే, ఎప్పుడో ఒకప్పుడు ప్రభుత్వం రాయితీ ప్రకటించకపోతుందా అని పక్కన పెట్టేవారు మరికొందరు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం రాయితీ ఇవ్వడంతో ఈ ఎదురుచూపు చాలామందికి అలవాటుగా మారింది. ఆ అలవాటులోనే కోర్టు నుంచి వచ్చిన సమన్లను కూడా మరో చలాను కాగితంలాగే చూసి బీరువాలో పడేయడం వల్ల అసలు చిక్కు మొదలవుతుంది. చలాను కట్టకపోతే బాకీ మాత్రమే మిగులుతుంది, కోర్టు పిలిచినప్పుడు వెళ్లకపోతే మాత్రం అరెస్టు వారంటు పుడుతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూడటం చాలా ముఖ్యం. ఎందుకంటే నాన్‌బెయిలబుల్ వారంటు (పోలీసులు తామే జామీను మీద వదిలేయకుండా, పట్టుకుని కోర్టు ముందు హాజరుపరచాల్సిన వారంటు) పడిందని తెలియగానే చాలామంది చేసే మొదటి పని వెబ్‌సైటు తెరిచి ఉన్న చలాన్లన్నీ కట్టేసి, ఇక సమస్య తీరిపోయిందని నిశ్చింతగా ఉండటం. డబ్బు కట్టినంత మాత్రాన వారంటు పోదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం, 72వ సెక్షన్‌లో ఈ విషయాన్ని స్పష్టంగా చెబుతుంది: వారంటు అమలయ్యే వరకు గానీ, జారీ చేసిన కోర్టే దాన్ని రద్దు చేసే వరకు గానీ అమల్లోనే ఉంటుంది. దానికి కాలపరిమితి లేదు. ఐదేళ్ల కిందట అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నప్పుడు పడిన కేసులోని వారంటు, ఈరోజు మీరు సొంత ఇంట్లో పిల్లలతో ఉన్నా చెల్లుతుంది.

ఏ కేసులు కోర్టుకు వెళ్తాయి

మోటారు వాహనాల చట్టం 1988లో 200వ సెక్షను కింద, అధీకృత అధికారి నిర్ణీత రుసుము తీసుకుని అక్కడితో ముగించగల ఉల్లంఘనలు కొన్ని ఉన్నాయి. మనకు రోజూ కనిపించే చలాన్లలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. కోర్టులో కేసు వేయకముందే కాదు, వేసిన తరవాత కూడా ఇలా రాజీ చేసుకోవడానికి ఈ సెక్షను వీలిస్తుంది. అందువల్ల చిన్న ఉల్లంఘనకు సంబంధించిన కేసు కోర్టుకు వెళ్లినా, ఆ చలాను ఇంకా ఆన్‌లైన్‌లో కట్టే స్థితిలో కనిపిస్తే కట్టి, రసీదును ప్రింటు తీసుకోవాలి. మేజిస్ట్రేటు ముందు ఆ రసీదు మీ పక్షాన నిలుస్తుంది, ప్రధాన కేసు త్వరగా ముగియడానికి తోడ్పడుతుంది. అయినా వారంటు రద్దు కావడానికి కోర్టు ఉత్తర్వు వేరుగా కావాల్సిందే.

మద్యం తాగి బండి నడిపిన కేసుకు ఈ వెసులుబాటు లేదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే 185వ సెక్షను వర్తిస్తుంది. మొదటిసారి అయితే ఆరు నెలల వరకు జైలు గానీ, 10,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల వరకు, జరిమానా 15,000 రూపాయల వరకు ఉంటుంది. ఇది పోలీసుల దగ్గర డబ్బు కట్టి తేల్చుకునే కేసు కాదు, మేజిస్ట్రేటు ముందు హాజరు కావాల్సిన కేసు. తనిఖీలో దొరికిన వ్యక్తిని గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు కౌన్సెలింగ్ కోసం రమ్మంటారు. తరవాత ఛార్జిషీటు వేసి కోర్టు తేదీ చెబుతారు. కౌన్సెలింగ్‌కు వెళ్లాం కదా, బండి కూడా తిరిగి ఇచ్చారు కదా, ఇంకేముంటుందిలే అనుకుని కోర్టు తేదీకి వెళ్లనివారు చాలామంది ఉన్నారు. ట్రాఫిక్ కేసుల్లో వారంటు పడటానికి నా దృష్టిలో ఇంతకు మించిన కారణం లేదు. లైసెన్సు లేకుండా నడపడం, మైనరుకు బండి ఇవ్వడం, ప్రమాదకరంగా నడపడం వంటి వాటిలోనూ కోర్టు పిలుపు రావచ్చు.

సాధారణంగా మొదట సమన్లు వస్తాయి. స్పందన లేకపోతే బెయిలబుల్ వారంటు వస్తుంది. దాని మీద పోలీసులు వస్తే బాండు, జామీను తీసుకుని, ఫలానా తేదీకి కోర్టుకు రమ్మని చెప్పి వదిలేస్తారు. అప్పటికీ రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు. ఇలా మెట్టు మెట్టుగా వెళ్లాలని, వ్యక్తి స్వేచ్ఛను హరించే నాన్‌బెయిలబుల్ వారంటును తేలిగ్గా జారీ చేయకూడదని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. అయితే మీరు ఇల్లు మారి, సమన్లు పాత చిరునామాకు వెళ్లి తిరిగి వచ్చి ఉంటే, కోర్టు రికార్డులో మాత్రం మీరు తప్పించుకు తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. నాన్‌బెయిలబుల్ వారంటుకూ దొరకనివారి మీద కోర్టు ప్రకటన జారీ చేసి ఆస్తుల జప్తుకు కూడా వెళ్లవచ్చు. పరిస్థితి అంతవరకూ రాకముందే మేల్కొనాలి.

వారంటు ఉందో లేదో తెలుసుకోవడం

భయపడి ఊరంతా వాకబు చేసే ముందు, ఇంట్లో కూర్చుని కనుక్కోగలిగినవి కనుక్కోండి. ముందుగా తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరుతో వెతికి, పెండింగ్ చలాన్లు ఎన్ని ఉన్నాయో, ఏ తేదీవో, ఏ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ పరిధిలోవో ఒక కాగితం మీద రాసుకోవాలి. తరవాత ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గానీ, యాప్‌లో గానీ రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం ఎంచుకుని పేరుతో వెతకాలి. ఇక్కడ కొంత ఓపిక కావాలి. మన పేర్లను ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. శ్రీనివాస్ అనే పేరుకైనా, లక్ష్మి అనే పేరుకైనా రెండు మూడు స్పెల్లింగులు ఉంటాయి. ఇంటిపేరు ముందు రాశారో వెనక రాశారో తెలియదు. కాబట్టి అన్ని రకాలుగా, ఉల్లంఘన జరిగిన సంవత్సరాన్నీ ఆ తరవాతి సంవత్సరాన్నీ మార్చి మార్చి వెతకండి. కేసు దొరికితే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు నంబరు), ఎస్‌టీసీ (సమ్మరీ ట్రయల్ కేసు) లేదా సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు, కోర్టు పేరు, తదుపరి వాయిదా తేదీ కనిపిస్తాయి. కేసు ఏ దశలో ఉందో చెప్పే చోట ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్‌బెయిలబుల్ వారంటు అని ఉంటే మీ అనుమానం నిజమైనట్టే.

ఏ కోర్టు అన్నది ఉల్లంఘన జరిగిన చోటును బట్టి ఉంటుంది గానీ, మీ ఇంటిని బట్టి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ గచ్చిబౌలిలో తనిఖీలో దొరికితే కేసు ఆ వైపు కోర్టుకే వెళ్తుంది. నగరం నడిబొడ్డు కేసులు ఎక్కువగా నాంపల్లి క్రిమినల్ కోర్టుల వైపు ఉంటాయి. కూకట్‌పల్లి, ఎల్బీనగర్, మల్కాజిగిరి, రాజేంద్రనగర్ కోర్టులు శివారు ప్రాంతాల కేసులు చూస్తాయి. పాత కాగితం మీద మెట్రోపాలిటన్ మేజిస్ట్రేటు అని ఉన్నా, ఇప్పుడు ఆ పేరుతో కోర్టు దొరకకపోవచ్చు. కొత్త చట్టంలో మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ల వర్గాన్నే తీసేశారు. అందువల్ల కోర్టు పేరు కన్నా కేసు నంబరును, పోలీస్ స్టేషన్ పేరును పట్టుకుని వెతకడం మేలు.

ఎన్నేళ్లయినా నిందితుడు దొరకని కేసును కోర్టు లాంగ్ పెండింగ్ కేసుల రిజిస్టరులోకి మార్చి పక్కన పెడుతుంది. న్యాయవాదులు దాన్ని ఎల్‌పీసీ అంటారు. అలాంటి కేసు మామూలు వాయిదాల జాబితాలో కనిపించదు. అంతమాత్రాన కేసు కొట్టేశారని అనుకోవద్దు. వారంటు అక్కడే ఉంటుంది. మీ న్యాయవాది కోర్టు ఆఫీసులో పాత నంబరుతో వెతికించి, కేసును తిరిగి ఫైలు మీదికి తెప్పించాల్సి ఉంటుంది. దీనికి కొంత సమయం పడుతుంది గనుక ఆ పని పూర్తయ్యాకే హాజరయ్యే రోజు నిర్ణయించుకోండి.

న్యాయవాదిని పెట్టుకోవాలా

బెయిలబుల్ వారంటు దాకానే వచ్చి ఉంటే నేరుగా కోర్టుకు వెళ్లి నిలబడినా పని జరగవచ్చు. నాన్‌బెయిలబుల్ వారంటు విషయంలో మాత్రం న్యాయవాది లేకుండా వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. పిటిషను వేయడం ఒక్కటే కాదు, మేజిస్ట్రేటు రిమాండ్ వైపు మొగ్గితే అక్కడికక్కడే బెయిలు కోసం మాట్లాడే మనిషి ఉండాలి. మీ కేసు ఏ కోర్టులో ఉందో అదే ప్రాంగణంలో రోజూ పనిచేసే న్యాయవాదిని ఎంచుకుంటే, ఆ కోర్టు పద్ధతులు, జామీను విషయంలో ఆ మేజిస్ట్రేటు అడిగే కాగితాలు ముందే తెలిసి ఉంటాయి.

ఫీజు ఇచ్చుకోలేనివారు వెనకాడనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి గానీ, కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవల కార్యాలయంలో గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆటో నడిపేవారికి, డెలివరీ పనిచేసే కుర్రవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. రోజంతా రోడ్డు మీద ఉండేవారికే చలాన్లు ఎక్కువ పడతాయి, ఒక రోజు కోర్టులో గడిపితే ఆ రోజు సంపాదన పోయేదీ వారికే. కోర్టు గేటు దగ్గర ఎదురుపడి ఇంత ఇస్తే లోపలికి వెళ్లకుండానే పని అయిపోతుందని చెప్పే మధ్యవర్తుల చేతికి చిక్కేవారిలోనూ వీరే ఎక్కువ. అలాంటివారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీరు హాజరు కాకుండా వారంటు తీసేయించగల మధ్యవర్తి ఎవరూ లేరు.

కోర్టుకు వెళ్లే రోజు

వీలైతే సోమ, మంగళ, బుధవారాల్లో వెళ్లండి. జామీను కాగితాల్లో లోటు వస్తే మర్నాడు సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. వారాంతం ముందు వెళ్తే, చిన్న కాగితం లోటు కూడా రెండు రోజుల కష్టంగా మారవచ్చు. ముందు రోజు రాత్రే ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ, చలాన్ల రసీదులు, రెండు మూడు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, వాటన్నిటి జిరాక్సు ప్రతులు ఒక కవరులో పెట్టుకోవాలి. జామీను ఇచ్చేవారిని కూడా సిద్ధంగా ఉండమనాలి. వారి ఆధార్‌తో పాటు ఆస్తిపన్ను రసీదు గానీ, జీతం సర్టిఫికెట్టు గానీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ పత్రం గానీ అడిగే కోర్టులు ఉన్నాయి. ఏది కావాలో న్యాయవాదిని ముందే అడిగి రాసుకోండి.

వారంటు రద్దు పిటిషనును కోర్టుల్లో ఎన్‌బీడబ్ల్యూ రీకాల్ పిటిషను అంటారు. అందులో కేసు నంబరు, వారంటు జారీ అయిన తేదీ, మీరు ఆ రోజు రాలేకపోవడానికి కారణం, ఇకముందు ప్రతి వాయిదాకూ హాజరవుతానన్న హామీ ఉంటాయి. వకాలతుతో (మీ తరఫున వాదించే అధికారాన్ని న్యాయవాదికి ఇచ్చే పత్రంతో) కలిపి దాన్ని ఉదయం కేసులు పిలవడం మొదలయ్యేలోపు దాఖలు చేస్తారు. కాబట్టి పదింటికల్లా మీరు ప్రాంగణంలో ఉండాలి.

కారణం రాసే చోట జాగ్రత్త అవసరం. ఇల్లు మారడం వల్ల సమన్లు అందలేదంటే పాత, కొత్త అద్దె ఒప్పందాలు జతచేయండి. అనారోగ్యమైతే ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, దేశం బయట ఉంటే పాస్‌పోర్ట్ మీద ముద్రలు. తేదీ మరిచిపోయి ఉంటే మరిచిపోయానని రాయడమే మంచిది. డబ్బిచ్చి తెచ్చుకున్న వైద్య ధ్రువపత్రాలను ప్రతి రోజూ చూసే మేజిస్ట్రేటు ముందు అలాంటి కాగితం పెట్టడం వల్ల మీ మాట మీద ఉండే కొద్దిపాటి నమ్మకం కూడా పోతుంది. అది వేరే నేరానికి కూడా దారితీయవచ్చు.

కోర్టు హాలు బయట వరండాలో జనం కిక్కిరిసి ఉంటారు. పక్క హాల్లో పిలిచే పేర్లు, పోలీసుల మాటలు, న్యాయవాదుల హడావుడి అన్నీ కలిసి మీ పేరు వినబడకుండా పోయే అవకాశం ఉంది. అటెండరు గుమ్మం దగ్గర నిలబడి పేరు పిలుస్తాడు, ఎవరూ పలకకపోతే మరో ఫైలు తీస్తారు. టీ తాగొద్దామని మెట్లు దిగిన ఐదు నిమిషాల్లో కేసు పిలిచి, మళ్లీ గైర్హాజరు రాసిన సందర్భాలు ఉన్నాయి. అందుకే పిలుపు వచ్చే వరకు గుమ్మం దగ్గరే ఉండండి, ఫోన్ ఆపేయండి. లోపలికి పిలిచాక నిందితులు నిలబడే చోట నిలబడి నమస్కారం పెట్టాలి. మేజిస్ట్రేటు ఎందుకు రాలేదని అడిగితే పిటిషనులో రాసిన కారణాన్నే ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. న్యాయవాది ఒకటి రాసి, మీరు మరొకటి చెబితే ఇద్దరి మాటా చెడుతుంది. చలాను అన్యాయంగా వేశారన్న వాదనకు అది సమయం కాదు. దానికి విచారణలో అవకాశం వస్తుంది.

స్వచ్ఛందంగా వచ్చినవారి విషయంలో కోర్టులు సాధారణంగా సానుకూలంగానే ఉంటాయి. కొంత మొత్తం ఖర్చుల కింద కట్టమని చెప్పి వారంటు రద్దు చేయవచ్చు, కొత్తగా బాండు, జామీనుదారులను అడగవచ్చు. మొదట ఇచ్చిన బాండును ఉల్లంఘించి ఉంటే ఆ బాండు మొత్తంలో కొంత జరిమానాగా కట్టమనవచ్చు. ఏళ్ల తరబడి పరారీలో ఉన్నట్టు రికార్డు ఉంటేనో, పదేపదే వాయిదాలు ఎగ్గొట్టి ఉంటేనో పిటిషను కొట్టేసి రిమాండ్‌కు పంపే అధికారం కూడా మేజిస్ట్రేటుకు ఉంది. ఈ సంగతి దాచి మిమ్మల్ని కోర్టుకు పంపడం నాకు ఇష్టం లేదు. అయినా పోలీసులు పట్టుకుని తెచ్చిన మనిషికీ, తనంతట తాను వచ్చి నిలబడిన మనిషికీ కోర్టు దృష్టిలో ఉండే తేడా చాలా పెద్దది. ఆ తేడాను మీ వైపు ఉంచుకోవడానికే ఈ శ్రమంతా.

నేరం ఒప్పుకునే ముందు

వారంటు రద్దయిన రోజే చాలాసార్లు ప్రధాన కేసు గురించి కూడా అడుగుతారు. ఒప్పుకుంటే జరిమానా కట్టి ఇంటికి వెళ్లిపోవచ్చన్న ఆలోచన సహజం. హెల్మెట్, సిగ్నల్ వంటి కేసుల్లో, ఉల్లంఘన నిజమే అయినప్పుడు, అలా ముగించుకోవడంలో పెద్ద నష్టం లేదు. మద్యం కేసులో మాత్రం ఒప్పుకోవడమంటే శిక్షకు సిద్ధపడటమే. జరిమానాతో పాటు కొన్ని రోజుల జైలు పడవచ్చు, లైసెన్సు సస్పెండ్ కావచ్చు, శిక్ష పడిన విషయం రికార్డులో నిలిచిపోతుంది. విదేశీ వీసా దరఖాస్తుల్లో అరెస్టుల గురించి, శిక్షల గురించి అడిగే ప్రశ్నకు జీవితాంతం అవునని రాయాల్సి వస్తుంది. పై చదువులకు, ఉద్యోగాలకు విదేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు ఇంతమంది ఉన్న నగరంలో ఆ జవాబు బరువు తెలియకుండా ఒప్పుకోకూడదు. పరీక్ష సరిగ్గా చేశారా, రీడింగ్ కాగితం మీద మీ సంతకం ఉందా, బండి నడిపింది మీరేనా అన్న విషయాలను న్యాయవాదితో కూర్చుని చూసుకోండి. అవసరమైతే వాయిదా అడగండి. జాతీయ లోక్ అదాలత్ జరిగే రోజుల్లో రాజీకి వీలైన ట్రాఫిక్ కేసులను పెద్ద సంఖ్యలో పరిష్కరిస్తారు కాబట్టి, మీ కేసు అలాంటిదైతే దగ్గర్లో ఆ తేదీ ఉందేమో కూడా అడగవచ్చు.

జరిమానా కట్టినప్పుడు కోర్టు రసీదు తప్పక తీసుకోండి. జరిమానా విధించాక కట్టకుండా వెళ్లిపోతే మళ్లీ వారంటు దాకా వస్తుంది. వెంటనే కట్టలేని స్థితి ఉంటే గడువు ఇమ్మని అడగాలి గానీ, మౌనంగా బయటికి రాకూడదు.

రద్దయ్యాక చేయాల్సిన పని

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కోర్టు వారంటు రద్దు చేసింది గానీ, అమలు చేయమని ఇచ్చిన వారంటు కాగితం ఇంకా పోలీస్ స్టేషన్‌లోనే ఉంటుంది. రద్దు సమాచారం అక్కడికి చేరే వరకు వారి రిజిస్టరులో మీ పేరు పెండింగ్‌లోనే కనిపిస్తుంది. ముంబైలో ఒక న్యాయవాదిని అప్పటికే రద్దయిన వారంటు మీద పోలీసులు అరెస్టు చేసిన ఉదంతం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో ఇచ్చిన ఆ తీర్పులో, జారీ చేసే ప్రతి వారంటునూ కోర్టులు రిజిస్టరులో నమోదు చేయాలని సుప్రీంకోర్టు చెప్పింది. న్యాయవాదికే తప్పని ఇబ్బంది మామూలు మనిషికి తప్పుతుందని ఎలా అనుకుంటాం?

అందువల్ల రద్దు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ కోసం ఆ రోజే దరఖాస్తు పెట్టండి. ఆ స్టేషన్ తరఫున కోర్టు విధుల్లో ఉండే కానిస్టేబుల్ ఎవరో న్యాయవాది ద్వారా తెలుసుకుని, రద్దు సమాచారం తీసుకెళ్లారో లేదో అడగండి. కాపీ చేతికి వచ్చాక ఒక ప్రతి స్టేషన్‌లో ఇచ్చి, మరో ప్రతి మీద అందినట్టు ముద్ర, సంతకం వేయించుకోండి. ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటోగా, ఇంట్లో కాగితంగా దాచుకోండి. కొన్ని రోజుల తరవాత ఈ-కోర్ట్స్‌లో మళ్లీ చూసి, కేసు దశ మారిందో లేదో గమనించండి.

పాస్‌పోర్ట్ దరఖాస్తు చేయబోయేవారికి ఇది మరింత అవసరం. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉన్నా, హాజరు కోసం కోర్టు సమన్లో వారంటో జారీ చేసి ఉన్నా పాస్‌పోర్ట్ నిరాకరించడానికి 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టం 6వ సెక్షను అధికారం ఇస్తుంది. కేసు ఇంకా నడుస్తుంటే ఆ కోర్టు నుంచి అనుమతి ఉత్తర్వు తీసుకుని దరఖాస్తుతో జతచేసే మార్గం ఉంది. ఉన్న కేసును దాచి దరఖాస్తు నింపితే పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడి, అది కొత్త సమస్య అవుతుంది.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

బండి అమ్మేసినా పేరు మార్పించకపోవడం వల్ల వారంటు పడినవారి బాధ వినసొంపుగా ఉండదు. నడిపింది ఎవరో, పిలుపు వచ్చింది ఎవరికో. చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో మరోసారి స్పష్టం చేసింది. అందుచేత అమ్మకపు కాగితం, డెలివరీ నోటు, డబ్బు అందిన బ్యాంకు స్టేట్‌మెంటు ఏది ఉన్నా వెతికి పట్టుకుని న్యాయవాదికి ఇవ్వండి. కోర్టుకు మాత్రం మీరు హాజరు కావాల్సిందే. బండి నాది కాదు గనుక నేను వెళ్లనంటే వారంటు ఆగదు. నకిలీ నంబరు ప్లేటు అనుమానం ఉంటే చలాను ఫోటోలోని బండి రంగు, మోడల్ మీ బండితో పోల్చి చూసి, ఈ-చలాన్ వెబ్‌సైటులోనూ ట్రాఫిక్ పోలీసులకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి.

విదేశంలో ఉన్నవారి విషయం క్లిష్టమైనదే. రీకాల్ పిటిషనుకు సాధారణంగా మనిషి ఎదురుగా ఉండాలి. సెలవు మీద వచ్చే తేదీలు ముందే న్యాయవాదికి చెప్పి, దిగిన మొదటి పనిదినానే హాజరయ్యేలా పిటిషను సిద్ధం చేయించుకోవడం ఉత్తమం. అవసరమైతే, హాజరైన రోజే రీకాల్ పిటిషనును పరిష్కరించేలా కింది కోర్టును ఆదేశించమని హైకోర్టును కోరే అవకాశం కూడా ఉంది.

మీరు ఏర్పాట్లలో ఉండగానే పోలీసులు ఇంటికి వస్తే వాదనకు దిగకండి, పారిపోవద్దు. వారంటు చూపించమని అడిగే హక్కు మీకు ఉంది. అందులో పేరు, తండ్రి పేరు, కేసు నంబరు మీవో కావో చూసుకోండి, ఎందుకంటే ఒకే పేరున్నవారు ఒకే వీధిలో ఉండటం మన దగ్గర అరుదు కాదు. ఇంట్లోవారితో న్యాయవాదికి ఫోన్ చేయించండి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు మిమ్మల్ని కోర్టు ముందు హాజరుపరచాలి.

ఇక ఫోన్‌లో వచ్చే బెదిరింపుల సంగతి. మీ మీద వారంటు ఉంది, వెంటనే ఈ ఖాతాకు డబ్బు పంపకపోతే డిజిటల్ అరెస్టు చేస్తాం అని చెప్పేవారు మోసగాళ్లు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేదు. చలాను పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఏ.పి.కె., ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే) ఫైలును తెరిస్తే ఫోన్ మొత్తం వారి చేతిలోకి వెళ్తుంది. అసలు వెబ్‌సైటును పోలిన నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి కాబట్టి, చిరునామా మీరే టైపు చేసి తెరవండి. డబ్బు పోయిందని గ్రహించిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కేసు ముగిశాక రవాణా శాఖలో ఒక పని మిగిలి ఉంటుంది. ఆర్సీలో, లైసెన్సులో ఉన్న చిరునామాను, ఫోన్ నంబరును ఇప్పుడు మీరున్న ఇంటికి, మీరు వాడుతున్న నంబరుకు మార్పించండి. యజమాని చిరునామా మారితే 30 రోజుల్లో తెలియజేయాలని చట్టమే చెబుతుంది. అద్దె ఇళ్లు మారుతూ ఉండేవారు ప్రతిసారీ ఇది చేయడం కష్టమే. అయినా బండి అమ్మినప్పుడు 29, 30 నంబరు ఫారాలు నింపి పేరు మార్పించడం, ఇల్లు మారినప్పుడు చిరునామా మార్పించడం జరిగి ఉంటే, పైన చెప్పిన కేసుల్లో సగానికి సగం సమన్ల దశలోనే తేలిపోయేవని నా నమ్మకం.